రాబందుకి అంగుళం వదులు

పెళ్లిరోజుకి ఏ మొగుడైనా పెళ్లానికి రాబందునిస్తాడా? మా ఆయన ఇచ్చాడు.

షాపులో కూర్చుని స్కూలు యూనిఫారాలకి గుండీలు కుడుతుంటే, ఓ కవరు తెచ్చి మిషను మీద పెట్టి పళ్లికిలించాడు. ఇరవై ఐదేళ్లయింది కదా, ఏ చెవి పోగులో అనుకుని ఆత్రంగా విప్పాను. లోపల ఒక కాగితం, ఒక ఫొటో. గాయపడిన ఈ పక్షిని మీ దంపతులు దత్తత తీసుకున్నారు, నెలకోసారి కబురు పంపుతాం అని రాసుంది. దత్తతంటే పేరుకేలెండి. పక్షి వాళ్ల దగ్గరే, అడవి పక్కన జంతువుల వైద్యశాలలో ఉంటుంది. తిండికీ మందులకీ మన సాయం వెళ్తుంది. ఫొటోలో బోడితల, వంకర ముక్కు, ఎవరి మీదో అలిగినట్టు మొహం.

"ఏమండీ, నాలో ఏం చూసి తెచ్చారు దీన్ని?"

ఆయన నీళ్లు నమిలాడు. "పులిని అందరూ తీసేసుకున్నారే. ఏనుగుకి అరవైమంది ఉన్నారట. దీన్ని మాత్రం ఒక్కరూ అడగలేదు."

స్కూలు బస్సు నడిపే మనిషి. ఆఖరి పిల్ల ఎక్కందే బండి కదపడు. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? అయినా నాకు ఒళ్లు మండింది. సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నాను.

సాయంత్రం మా ఆడపడుచు వచ్చి, ఫొటో చూసి ముక్కున వేలేసుకుంది. "ఇదేం దరిద్రం వదినా, శుభమా అని పెళ్లిరోజు పూట! ఇంకేం దొరకలేదా అన్నయ్యకి?"

"ఏయ్, మాటలు తిన్నగా రానీ. అది మా ఇంటిది," అన్నాను. అనేశాక నాకే ఆశ్చర్యమేసింది. దాన్ని తిడితే నేను తిట్టాలి గానీ, మధ్యలో ఈవిడెవరు?

ఆవిడ వెళ్లాక ఫొటో సరిగ్గా చూశాను. విరిగిన రెక్కని ఒంటికి ఆనించి గుడ్డతో కట్టారు. ఆ గుడ్డ నిలువుకోత. సాగదు. రెక్క కింద ముడతలు పడి ఒరుసుకుపోతోంది. నిద్రలో లేపి చూపించినా చెప్తాను ఆ మాట. కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేశాను.

డాక్టరమ్మ ఎత్తింది. గొంతు చూస్తే చిన్నపిల్లే. "నిజమేనమ్మా, ఒరుసుకుపోయి ముక్కుతో పీకేస్తోంది. మూడు వారాలు రెక్క కదలకుండా ఉంటేనే ఎముక అతుక్కుంటుంది. లేదంటే ఇంక ఎగరదు. బతికినన్నాళ్లూ బోనులోనే."

ఆ 'బోనులోనే' అన్న మాట వినగానే కాగితం, పెన్సిలు అందుకున్నాను. "కొలతలు చెప్పమ్మా," అన్నాను.

మెత్తటి నూలుగుడ్డ తీసి, సాగేలా క్రాసులో కోసి, అంచులు గుచ్చుకోకుండా మడిచి, మర్నాటికల్లా పంపించాను. నా అంత పనిమంతురాలు లేదని నాలుగు రోజులు మురిసిపోయాను. ఐదో రోజు డాక్టరమ్మ ఫోను.

"అమ్మా, మీ కట్టులోంచి అది దర్జాగా నడుచుకుంటూ బయటికొచ్చేసింది. ఎంత వదులు పెట్టారండీ?"

తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా స్కూలు పిల్లలకి కుట్టిన చెయ్యి. ఏ కొలత చెప్పినా దానంతటదే అంగుళం వదులు పెట్టేస్తుంది. "ఎదిగే పిల్ల కదా అని..." అని నసిగాను.

"అది పెద్ద పక్షమ్మా! ఇంక పెరగదు. అదృష్టం బాగుండి ఎముక కదల్లేదు. తొందరగా ఇంకోటి పంపండి."

ఎముక కదిలుంటే? ఆ పాపం నాదయ్యేది కదా! యూనిఫారాలన్నీ పక్కన పడేసి మళ్లీ కోశాను. ఈసారి ఒంటికి అతికినట్టు. కానీ ఆ అంగుళం కోసెయ్యడానికి చెయ్యి ఒప్పుకోలేదండీ. లోపలికి మడిచి, కావాలంటే ఊడదీసేలా పొడుగు కుట్లు వేసి ఊరుకున్నాను.

మా ఆయన చూడనే చూశాడు. "మళ్లీ వదులా?"

"వదులు కాదు, మడత. నోరు మూసుకుని పార్సిలు కట్టండి."

తర్వాత పన్నెండు రోజులు ఏ కబురూ లేదు. ఫోన్ మోగితే చాలు, మిషను ఆపేసి అందుకునేదాన్ని. వచ్చినవాళ్ల మీదల్లా విసుక్కున్నాను. పదమూడో రోజు మధ్యాహ్నం మోగింది.

"అమ్మా, కట్టు లోపల ఆ మడత ఎందుకు పెట్టారు?"

"తప్పైపోయిందమ్మా. అలవాటు పాడుగాను..."

"తప్పేంటమ్మా! వచ్చినప్పుడు ఇది ఎముకల గూడు. ఇప్పుడు తిని తిని రొమ్ము నిండింది. పొద్దున చూస్తే కట్టు బిగిసిపోయి ఊపిరాడక రొప్పుతోంది. విప్పి కొత్తది కడదామంటే రెక్క కదిలిపోతుంది. ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు కనబడ్డాయి మీ పొడుగు కుట్లు. నాలుగు పోగులు తెంపాను, సరిగ్గా అంగుళం వచ్చింది."

"పెరగదన్నావుగా?"

"అన్నాను," అని నవ్వింది. "పెరిగింది."

నాకూ నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. కొలతలివ్వడానికొచ్చిన ఆవిడ నన్ను చూసి, టేపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఎముక అతుక్కున్నాక కట్టు విప్పారు. పెద్ద బోనులో రెక్కలాడించడం నేర్పారు. నెలలు తిరిగాక ఒక కవరొచ్చింది. ఉతికి మడతపెట్టిన నా కట్టు, అంచున ముక్కుతో పొడిచిన రెండు చిల్లులు, ఒక ఫొటో, ఒక ఉత్తరం.

మా ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫొటోని అటూ ఇటూ తిప్పాడు. బోను తలుపు బార్లా తీసుంది. వెనకంతా ఆకాశం. "పక్షి ఏదే?"

"లేదుగా. అందుకే పంపారు ఫొటో."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత ఉత్తరం చదివాడు. ఇక దీని ఫొటోలు రావు, వేరే జంతువుని ఇమ్మంటారా అని అడిగారు. "ఏం రాయనే?"

"ఎవరూ అడగనిది ఏదుందో అది పంపమనండి. కొలతలు కూడా," అన్నాను.

ఆ ఫొటోకి అద్దం కట్టించి మిషను ఎదురుగా తగిలించాను. మా ఆడపడుచు వచ్చిందంటే ఊరుకుంటుందా? "ఏంటి వదినా, ఉత్త ఆకాశానికి అద్దం కట్టించావు?"

"ఉత్తదేంటి? సరిగ్గా చూడు. మా పిల్ల ఇప్పుడే అటు వెళ్లింది," అని చెప్పి, మిషను తొక్కడం మొదలుపెట్టాను.