తాంబూలాల నైలాను చీర

నాను దాలమ్మని. ఆమదాలవలసలో ముప్పయ్యేళ్లగా సావుకార్ల బట్టలు ఉతుకుతన్నాను. గుడ్డ సేత్తో పట్టుకుంటే సాలు, దాని గుణం సెప్పీగలను.

అరవయ్యేడు ఎలచ్చన్లయిన వేసంగిలో గణపతిరావు సావుకారుగోరి కూతురు పద్మకుమారికి విజయనగరం సంబంధం కుదిరినాది. తాంబూలాలకి పెళ్లికొడుకు తల్లి పార్వతీదేవమ్మ ఎర్ర నైలాను సీర తెచ్చినాది. అప్పుడప్పుడే దిగిన రకం, ఆడోళ్లంతా దానికేసే సూపు. కొత్తసీర అంచుకి పసుపు రాసి కట్టీడమే గానీ నీట్లో ముంచకూడదు, అదీ ఆచారం. పిల్ల పొద్దల్లా దాంతోనే ఉన్నాది.

మర్నాటికి మెడ, నడుం, భుజం ఎర్రగా పొక్కిపోనాయి. సుట్టాలింట ఆగిన పార్వతీదేవమ్మ అది సూసి మొహం తిప్పీసింది.

“పెద్దరోగం దాచిపెట్టి అంటగడతారా? మూడ్రోజుల్లో తేల్చండి, లేకపోతే తాంబూలాలు వెనక్కి.”

డాట్రుగోరు కుష్టు కాదన్నా ఇన్నేదు. ఇల్లంతా ఏడుపు. నాకు ఒళ్లు మండిపోయి పార్వతీదేవమ్మ ముందుకెళ్లేను.

“సూడండమ్మగోరూ, సీర తగిల్నకాడే పొక్కింది. మొహం నున్నగా నేదేటి?”

“చాకల్దానివి, రోగం సంగతి నీకేం తెలుసు?”

“గుడ్డ సంగతి నాక్కాక మీకు తెలుస్తాదేటి?” అనీసేను. అవును, అనీసేను!

సీరతోటి వొచ్చిన అదే నైలాను రవికగుడ్డ అడిగి రెండుముక్కలు సింపేను. ఒకటి సౌడుమన్ను కలిపిన నీళ్లలో నానేసి నాలుగుసార్లు ఉతికేను. ఎర్రనీళ్లు, పైన జిగురు, ముక్కు పగిలే వాసన, అమ్మబాబోయ్! తేటనీళ్లొచ్చీదాకా వొదల్నేదు.

నా సేతులకే కట్టుకుందామనుకున్నాను. పద్మకుమారి ముందుకొచ్చింది.

“పొక్కింది నా ఒళ్లు, దాలమ్మా. నాకే కట్టు.”

ఉతికింది కుడిసేతికి, ఉతకనిది ఎడంసేతికి కట్టేను. రెండ్రోజులు దురదకి పళ్లు బిగబట్టింది గానీ ఇప్పమన్నేదా పిల్ల.

మూడోనాడు పార్వతీదేవమ్మ ముందరే ఇప్పేను. ఎడంసెయ్యి కందిపోయి పొక్కులు. కుడిసెయ్యి అలాగే నున్నగున్నాది.

పద్మకుమారి రెండుసేతులూ సాపింది. “పెద్దరోగమన్నారు కదా అత్తయ్యగారూ, ముట్టుకు చూడండి.”

పార్వతీదేవమ్మ తల దించుకున్నాది. తరవాత ఆ పొక్కిన సెయ్యే పట్టుకున్నాది. “తప్పు నాదేనమ్మా” అన్నాది.

పెళ్లిసీర విజయనగరంనుంచే వొచ్చినాది. బండి సావుకారుగోరింటికి పోనేదు, తిన్నగా నా రేవుకాడ ఆగినాది. పార్వతీదేవమ్మే దిగి సీర నా సేతిలో పెట్టింది.

“ముందు నువ్వు ఉతుకు దాలమ్మా, తరవాతే పసుపు.”

నాకు మీసాల్నేవు గానీ, ఉంటే ఆపూట మెలేసీదాన్ని!