పార ఎవరి చేతికి

మా ఆవిడ రెమె కార్తహేనాలో గది మాట్లాడింది. పాత నాటకశాల మెట్ల దగ్గర, కిటికీ తీస్తే రేవు కనబడే గది. శుక్రవారం పొద్దున పోవడం, ఆదివారం సాయంత్రం రావడం. ఈ ప్రయాణం మాట మా పెళ్లప్పటి నుంచీ ఇంట్లో నలుగుతూనే ఉంది. ఒక ఏడు వడగళ్లు అడ్డొచ్చాయి. ఒక ఏడు మా అమ్మ మంచాన పడింది. మిగిలిన ఏళ్లన్నీ నీళ్లే అడ్డొచ్చాయి.

మా లోయలో పెళ్లి పెట్టుకున్నా, బిడ్డను గుడికి తీసుకుపోవాలన్నా ముందు కాలువ నీళ్ల వంతు చూసుకుంటారు. రెమె కూడా చూసుకుంది. మా వంతు బుధవారం వచ్చి పోవాలి. తను పనిచేసే పళ్ల గోదాములో మూడు రోజులు సెలవిచ్చారు. ఆప్రికాట్ కోత మొదలైతే వేసవి అంతా తల ఎత్తే పనుండదు కాబట్టి ఆ సెలవు అటూ ఇటూ జరపడానికి లేదు.

మంగళవారం వంటింటి బల్ల మీద ఊరి పటం పరిచి, ఎగరకుండా ఉప్పు డబ్బా పెట్టి కూర్చుంది.

"శనివారం మధ్యాహ్నం ఎక్కడ తిందాం? రేవు దగ్గర చేపల పులుసులో అన్నం వండిపెడతారంట, పడవల వాళ్లు వండుకునే తీరునే."

"నీ ఇష్టం."

"అన్నీ నా ఇష్టమే అయితే నువ్వెందుకయ్యా? ఓ గుమ్మడికాయను చంకనేసుకుని పోతా. అదీ నీ అంతే మాట్లాడుద్ది."

నవ్వాను. ఆమె నవ్వలేదు గానీ, పటం మీద వేలు రేవు వెంట మెల్లగా కదిలింది. చిక్కటి తీపి పాలు పోసిన కాఫీ అక్కడి గాజు గ్లాసులోనే తాగాలట. ఇంట్లో నేను కలిపింది లెక్కలోకి రాదట.

అప్పుడు గుమ్మం ముందు మోపెడ్ ఆగింది. కాలువ వంతులు చూసే నీరుగంటి యులోహియో. నెత్తిన హెల్మెట్ తీయలేదు. హెల్మెట్ తీయకుండా వచ్చాడంటే మంచి కబురు కాదని మా అందరికీ తెలుసు.

"పై కాలువ గోడ పడిందన్నా. కట్టేసరికి రేపు గడిచిపోద్ది. వంతులన్నీ వెనక్కి జరిగినయ్. నీది శుక్రవారం పొద్దున."

"శుక్రవారమా?" అంది రెమె.

"గోడ నన్నడిగి పడలేదు వదినా."

అతను పోయాడు. రెమె పటాన్ని మడిచింది. పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచింది.

నేను తోటలోకి పోయాను. ఆప్రికాట్ కాయ గోలీ అంత దాటి కండ పడుతోంది. ఆకు అంచు అప్పుడే లోపలికి చుట్టుకుంటోంది. ఈ తడి తప్పితే మళ్లీ వంతు దాకా చెట్టు ఆగదు, కాయ రాలుస్తుంది. నేల మీద మడమతో నొక్కి చూశాను. గుంట పడలేదు.

మా కాలువకో కట్టుబాటు ఉంది. వంతు వచ్చినప్పుడు ఆ ఇంటి పార తూము దగ్గర నిలబడాలి. పార పిడి మీద ఇంటి గుర్తు కాల్చి ఉంటుంది. పార లేకపోతే నీళ్లు ఆగవు, కింది వాడికి పోతాయి. మనం రాలేకపోతే అదే పిల్లకాలువ మీది మనిషికి మన పారను మన చేత్తో ఇవ్వాలి. కూలివాణ్ణి పెడితే చెల్లదు. నీరుగంటి ఎవరి తరఫునా నిలబడకూడదు.

మా పిల్లకాలువ మీద మూడే ఇళ్లు. పైన విర్తూదెస్ అవ్వ, మోకాళ్లు పోయి కుర్చీలోంచి లేవదు. నడుమ మేము. కింద కోస్మే.

మూడేళ్ల కిందట మా వంతు ఇంకా ఉండగానే కోస్మే మా తూము పలక దించేసి నీళ్లు తన మడికి మళ్లించుకున్నాడు. నీళ్ల తగాదాలు తీర్చే పెద్దల దగ్గర చెప్పాను. వాడు టోపీ చేతిలో పట్టుకుని అందరి ముందూ నిలబడాల్సి వచ్చింది. ఆనాటి నుంచీ ఎదురుపడితే గట్టు మారిపోతాడు. పైగా మా వంతు తప్పితే ఆ నీళ్లు పోయేది వాడి మడిలోకే.

ఇంట్లోకి వచ్చేసరికి రెమె నీలం గౌను సంచిలో పెడుతోంది.

"శుక్రవారం బస్సు నేనెక్కుతున్నా. నువ్వెక్కితే ఎక్కు, లేకపోతే లేదు."

"ఎక్కి?"

"పోతా."

"తర్వాత?"

"తర్వాత సంగతి నాకూ తెలీదు, బ్లాస్."

గొంతు పెంచలేదు. ఆమె అరిచే మనిషి. అరవకపోయేసరికి నాకు భయం వేసింది.

బుధవారం నేను ఎటూ తేల్చలేదు. ఆమె అడగలేదు. అన్నం పెట్టింది, పళ్లెం తీసింది. గురువారం పొద్దు వాలుతుండగా గోడకున్న పార తీశాను. రెమె చూసింది.

కోస్మే వాకిట్లో కూర్చుని గడ్డితాడు పేనుతున్నాడు. కుక్క లేచింది. దాన్ని కాలితో ఆపాడు, చేతులు మాత్రం ఆపలేదు.

"ఏరా, దారి తప్పావా?"

"లేదు."

"మరి పారెందుకు? నన్ను పూడ్చిపెట్టడానికా?"

"రేపు పొద్దున మా వంతు. నేను ఊళ్లో ఉండను."

"కార్తహేనాకంటగా. గోదాములో ఆడోళ్లందరికీ తెలుసు నీ ప్రయాణం. నీకు తెలుసో లేదో."

తాడు ఇంకో మూర పెరిగింది.

"నన్ను పెద్దల ముందు నిలబెట్టావు" అన్నాడు.

"నిలబెట్టా."

"మా ఇల్లు నీకు తెలియకనా? ఈ గుమ్మంలోకొచ్చి 'కోస్మే, ఇది నీకు తగునా' అని ఒక్క తిట్టు తిట్టి ఉంటే సరిపోయేది. నువ్వు మాట్లాడవు. నేరుగా పోయి ఫిర్యాదు పెడతావు."

"ఇప్పుడొచ్చా."

"ఇప్పుడు అవసరం తరిమితే వచ్చావు."

అది నిజం. పారను ముందుకు చాచాను. వాడు చూశాడు. చేతులు తాడు మీదే ఉన్నాయి. నా చెయ్యి అలా చాచి ఉండగానే నొప్పి పుట్టింది. చివరికి పార పట్టుకుని, పిడి మీది మా గుర్తును బొటనవేలితో తడిమి, పక్కన గోడకు ఆనించాడు.

"నిలబడతావా?"

"పో. ఇంటికి పో. మీ ఆవిడ సంచి సర్దుకోవాలి."

అవునని అనలేదు. కాదనీ అనలేదు.

పొద్దున బస్సులో రెమె నడవా వైపు కూర్చుంది. నన్ను కిటికీ దగ్గర కూర్చోమంది. రోడ్డు ఊరు దాటాక కాలువ వెంటే పోతుంది. ఈపాటికి మా వంతు మొదలై ఉంటుంది. మా తూము దగ్గర రెల్లు ఎత్తుగా ఉండడంతో నీళ్లు కనబడలేదు. రెల్లు పైన మా పార పిడి కనబడింది. మట్టిలో నిలువుగా గుచ్చి ఉంది. పక్కన మనిషి లేడు.

నాకు తెలియకుండానే లేచాను. బస్సు ఆపమనే గంట మీద వేలు పెట్టాను. కోస్మే పార గుచ్చి, పలక దించి, తన తోటలోకి పోయాడా? ఇప్పుడు దిగితే సగం చెట్లైనా తడుస్తాయి.

రెమె నన్ను చూసింది. నేను పోవడానికి వీలుగా మోకాళ్లు పక్కకు తిప్పుకుని దారి ఇచ్చింది. ఒళ్లో సంచిని దగ్గరికి లాక్కుంది. నీలం గౌను అంచు సంచిలోంచి బయటికి వచ్చి ఉంది.

ఆ మోకాళ్లను చూస్తూ నిలబడ్డాను. పెళ్లయినప్పటి నుంచీ ఆమె నాకు దారి ఇస్తూనే ఉంది. గంట నొక్కలేదు. కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

రోడ్డు వంపు తిరిగి చిన్న వంతెన మీదికి వచ్చింది. మా తూముకూ కోస్మే తూముకూ నడుమ మా పిల్లకాలువను దాటేది అక్కడే. మా పలక దించి ఉంటే ఈ వంతెన కింద నీళ్లు నిండుగా పారుతుండాలి. మెడ చాచి చూశాను.

కాలువలో తడి బురద తప్ప ఏమీ లేదు. ఒక పిట్ట తోక ఊపుతూ ఆ బురదలో నడుస్తోంది.

"ఎండి ఉంది" అన్నాను.

రెమె కాలువ మీద పుట్టిన మనిషి. ఇక్కడ ఎండితే నీళ్లు మా తోటలోకి పోతున్నట్టేనని వేరే చెప్పక్కర్లేదు. మోకాళ్లు ముందుకు తిప్పుకుంది. సంచిలోంచి పటం తీసి నా ఒళ్లో పరిచింది.

"ఇప్పుడన్నా చెప్పు. శనివారం ఎక్కడ తిందాం?"

"రేవు దగ్గర."

"అమ్మయ్య, గుమ్మడికాయకి నోరొచ్చింది" అంది.