ఫియట్ కారు జోడు రింగు

పొద్దుగాల షట్టర్ లేపంగనే వెంకటి చేసే మొదటి పని, బస్సులల్ల వచ్చిన పార్సిళ్లు విప్పుడు. కరీంనగర్ బస్టాండు ఎనక గల్లీల ఆయన దుకాణం. అందుల కొత్త సామాను ఒక్కటి కూడ దొరకది. ఫియట్లు, అంబాసిడర్లు, పాత జీపులు, కంపెనీలు ఎన్నడో చేసుడు బందువెట్టిన బండ్ల సామానే ఆయన బేరం. ఎక్కడెక్కడి మెకానిక్కులో ఒక డోర్ హ్యాండిలో, ఒక చక్రం మూతో గుడ్డల సుట్టి పంపుతరు, దాని జోడు దొరికిచ్చుమని. వెంకటి దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటడు. ఒక్క బండికి ఉండి విడిపోయిన సామాను, తన జోడు యాడ పడున్నదో ఆయన చెవుల చెప్తది. కోళ్ల సప్పుడు ఇనవడితే ఏదో పెంటకుప్ప కాడ ఉన్నట్టు, మరమగ్గాల సప్పుడు ఇనవడితే సిరిసిల్ల దిక్కున్నట్టు. బోరు పాయింటు చూసెటోళ్లు ఊరికొకలు ఉన్నట్టే గీ పనికి వెంకటి ఉన్నడు. దాని గురించి ఎవ్వరు ముచ్చట పెట్టరు. ముచ్చటంత రేటు కాడనే.

రేటు చెప్పుడే అసలు కష్టం. దొరకని సామానుకు రేటు యాడ రాసి ఉండది. ఎంత దూరం పోయి తేవాలె, దాన్ని దాచుకున్నోడు ఎసుంటోడు, అడిగెటోనికి అది బతుకుదెరువా లేకపోతే సోకా, గివన్ని చూసి వెంకటి రేటు చెప్తడు. టాక్సీ నడుపుకునెటోనికి ఒక తీరు, బంగ్లల ముందు నిలవెట్టుకునెటోనికి ఇంకో తీరు. ఎవలు వచ్చినా రేటు చెప్పకుండ పంపిందైతే లేదు.

వానకాలం మొదలైన ఒక పొద్దు హుజూరాబాద్ నుంచి రాంచందర్ అనే ఆయన వచ్చిండు. తాతనాటి ఫియట్ కారును బాగుచేసుకుని పెండ్లిళ్లకు కిరాయికి తిప్పుదామని ఆయన ఆలోచన. కారుకు హెడ్‌లైట్ల సుట్టు ఉండే మెరుపు రింగులు రెండూ లేవు. నాగ్‌పూర్ తొవ్వల ఉన్న ఇచ్చోడల, పాతసామాన్ల దుకాణంల ఒకటి దొరికింది. ఎన్నడో వాగు బ్రిడ్జి పక్కపొంటి దొరికిన రింగట అది. రెండోది ఎంత తిరిగినా దొరకలే.

వెంకటి రింగును చెవికి ఆనిచ్చుకున్నడు. నీళ్లు. పారే నీళ్లు కాదు, లోతుల కదలకుండ ఉన్న నీళ్లు, మీద పొరలు పొరలుగ బురద. ఇచ్చోడకు ఈవల, బ్రిడ్జి కింది మడుగు. నీళ్లల్ల పడ్డ సామాను ఆయనకు కొత్త కాదు, ఈతగాళ్ల ఖర్చు కలిపి రేటు చెప్దామని రింగును కిందికి దించిండు. దించెటప్పుడు లోపలి గాడిల ఆయన గోరుకు ఏదో తట్టింది. గుడ్డ పీలిక. ఆకుపచ్చ చీర అంచు, మట్టికొట్టుకపోయింది గని రంగు తెలుస్తున్నది.

ఆ పీలికను అక్కడ దోపిన మనిషి ఆయనకు ఎరుకే. గతుకుల రోడ్ల మీద రింగు గలగల కొట్టుకుంటుందని, పెండ్లాం పాతచీర అంచు చింపి వెంకటి ముందటనే కుక్కిండు ఆయన అన్న లక్ష్మణ్.

"ఎంతయితదే అన్నా?" అని రాంచందర్ అడిగిండు.

 వెంకటి రింగు తన దగ్గర ఉంచుమని, మల్ల ఫోన్ చేస్తనని చెప్పి ఆయనను తోలిచ్చిండు. ఆ దినం షట్టర్ పొద్దుగాలనే దిగింది.

లక్ష్మణ్‌కు సొంత ఫియట్ టాక్సీ ఉండె. పద్దెనిమిదేండ్ల కింద గిట్లనే వానకాలంల, ఎదురింట్ల కిరాయికుండే మమతారాణి అనే నర్సుకు నాగ్‌పూర్ల నౌకరి వస్తే, ఆమెను, ఆమె సామానును ఎక్కిచ్చుకుని పోయిండు. మల్ల రాలే. కారు సుత రాలే. గల్లీ అంత ఆ ఇద్దరికీ ముడివెట్టింది. వెంకటి నాగ్‌పూర్ పోయి అడిగితే, దించి ఎంబడే మర్లిపోయిండని మమతారాణి ఒట్టు వెట్టుకున్నది. వెంకటి నమ్మలే. లక్ష్మణ్ భార్య జమున ఫోన్ చేసి తిట్టరాని తిట్లు తిట్టి, ఆమె ఏదో చెప్తుంటే మధ్యల పెట్టేసింది. కొడుకు ఇల్లు కూల్చిండన్న రందితోనే తల్లి బాలవ్వ కండ్లు మూసింది. చెవిల పెట్టుకుని ఇందామంటే ఆ కారు తునక ఒక్కటన్న ఇంట్ల మిగలకపాయె.

జమున బీడీలు చేసి బిడ్డ నవ్యశ్రీని సాదింది, పెండ్లి చేసింది. ఇంట్ల మొగని పేరు ఎత్తనియ్యలే. పుస్తెలు మాత్రం తియ్యలే. ఎవలన్న అడిగితే, యాడనో సుఖంగనే బతికి ఉన్నడు గద, నేనెందుకు తియ్యాలె అనేది.

వెంకటి పోయేసరికి ఆమె అర్రల కూసుండి ఒళ్లె చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నది. ఆయన రింగును తునికాకు మీద పెట్టిండు. జమున దాన్ని తిప్పి చూసింది. లోపలి పీలికను రెండు ఏళ్లతోని ఇవతలికి గుంజింది. 

"గిది నా చీర," అన్నది.

"అవు వదినె."

"బండి యాడున్నది?"

"ఇచ్చోడ ఈవల. వాగుల."

ఆమె చాటను పక్కకు జరిపింది. "ఆమె నాగ్‌పూర్ చేరింది గద?"

"చేరింది."

"అంటే వస్తుండె," అన్నది జమున. "ఇంటికే వస్తుండె."

వెంకటి తల వంచుకున్నడు. ఆమె ఏడ్వలే. నర్సు నంబరు దొరికియ్యుమన్నది. మమతారాణి పనిచేసిన దవాఖానకు ఫోన్ల మీద ఫోన్లు చేసి వెంకటి నంబరు పట్టిండు. నౌకరి దిగిపోయి అక్క ఇంట్లనే ఉంటుందట.

"నేను జమునను," అని ఫోన్ల మొదలువెట్టింది. "అప్పుడు నువ్వు చెప్తుంటే నేను పెట్టేసిన. ఇప్పుడు చెప్పు, వింట."

 అవతల ముసలి గొంతు మెల్లగ పలికింది. "వాన గట్టిగున్నది, అన్నం తిని పండుకుని తెల్లారి పొమ్మన్న. ఇనలే. నేను పోయెదాక జమున తినది అని బండెక్కిండు."

జమున ఫోన్ వెంకటికిచ్చి గోడకు ఒరిగింది. పద్దెనిమిదేండ్ల కిందటి ఆ రాత్రి ఆమె నిజంగనే తినలే. రెండో రాత్రి సుత తినలే. మూడో దినం గల్లీ మాట చెవుల పడ్డంక, ఆయన కోసం దాచిన అన్నం బర్రెకు పెట్టి, అప్పటిసంది ఎవ్వరి కోసం ఆగలే.

పోలీసులు వచ్చిండ్రు, క్రేన్ వచ్చింది. మడుగుల నుంచి ఫియట్ లేసినప్పుడు దాని కుడి కన్ను సుట్టు రింగు ఇంక పట్టుకునే ఉన్నది. స్టీరింగు ముందట మిగిలిందాన్ని తెల్లగుడ్డల కట్టిండ్రు. రాంచందర్ కూడ వచ్చి దూరంగ నిలవడ్డడు. రింగుల మాట ఎత్తలే. జముననే ఆయనను పిలిచి రెండూ చేతుల పెట్టింది. వెంకటి ఆ బేరానికి ఏ రేటూ చెప్పలే.

వాగు ఒడ్డునే కాలవెట్టిండ్రు. మూడో దినం పిట్టకు పెట్టుడు, కాకి ముట్టకపోతే సచ్చినోనికి ఏదో కోరిక మిగిలినట్టే. ఇస్తారిల అన్నం, కోడికూర, ఆయనకు ఇష్టమైన పచ్చిపులుసు పెట్టి అందరు దూరం జరిగిండ్రు. కాకులు చెట్టు మీదనే కూసున్నయి. ఒక్కటి దిగలే. నవ్యశ్రీ ముందుకొచ్చి, బాపూ నేను మంచిగనే ఉన్న, వచ్చి తినుమని మొక్కింది. కాకులు దిగలే. అవ్వ పోయెదాక నిన్ను తిట్టుకున్నం, తప్పయింది అన్నా అని వెంకటి ఇసుకల సాగిలపడ్డడు. అయినా దిగలే. ఎండ ఎక్కుతున్నది. పెద్దమనుషులు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు.

అప్పుడు జమున లేసింది. పోయి ఇస్తారి ముందట కూసున్నది. సచ్చినోని ముందటి అన్నం బతికున్నోళ్లు ముట్టరాదు, అయినా ఎవ్వరు ఆమెకు అడ్డం పోలే. ఆమె అన్నంల పచ్చిపులుసు కలిపి ఒక బుక్క నోట్లె పెట్టుకున్నది. కండ్ల నీళ్లు బుక్కల పడుతున్నయి.

"నేను తింటున్న," అన్నది. "ఇగ నువ్వు తిను."

ఆమె రెండో బుక్క మింగేలోపట ఒక కాకి దిగివచ్చి ఇస్తారి అంచు మీద వాలింది.