అతుకు

"తల కదిలించొద్దప్పా" అంటూ సునంద శేషప్ప చెవిపోగులు విప్పి స్టీలు గిన్నెలో వేసింది. రోజూ ఎమ్మిగనూరు బస్సు దిగి ఆదోని స్కానింగ్ సెంటర్లో డ్యూటీ ఎక్కింది మొదలు సాయంత్రం దాకా ఆమె నోట ఎక్కువగా వచ్చేది ఆ మాటే.

"మగ్గం శంకరప్ప కూతురివి గదా నువ్వు? నా తలలో ఏముంటాదిలే, మగ్గం సప్పుడు తప్ప!" అన్నాడు శేషప్ప. బండి మీంచి పడి చెవి పైన వాచినా హుషారు తగ్గలేదు. భార్య భీమమ్మ మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

కర్నూలు డాక్టరు ఫోన్లో తొందరపెడుతున్నాడు. పుర్రె చిట్లితే వెంటనే కర్నూలు, లేకపోతే ఇల్లు. ముందు పుర్రె బొమ్మ పంపమన్నాడు.

తలంతా సన్నటి పొరలుగా తీసి బొమ్మ కట్టమంటే ఆ పాత కంప్యూటరు మొరాయిస్తుంది. అందుకే సునంద దెబ్బ తగిలిన చోట సన్నటి పొరలు, మిగతా చోట మందపాటివి పెడుతుంది. రెండూ కలిసే అతుకు దగ్గర బొమ్మలో ఎప్పుడూ ఒక సందు పడుతుంది. అది ఎముకలోది కాదు, కంప్యూటరు లెక్కలోది. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని తెగిన పడుగు దారాలు అతికిన చెయ్యి ఆమెది, సందు కనబడితే ఊరుకోదు. ఈసారీ మౌసుతో పూడ్చి, బొమ్మను డాక్టరుకు పంపేసింది.

"ఏం లేదు, ఇంటికి పంపెయ్" అన్నాడు డాక్టరు. భీమమ్మ సునందకు దండం పెట్టి, మొగుణ్ణి ఆటో ఎక్కించింది.

మధ్యాహ్నం అన్నం క్యారియర్ విప్పి కూర్చుంటే, పూడ్చక ముందరి బొమ్మ తెరమీద అలాగే ఉంది. సందు ఎప్పుడూ తిన్నగా ఉంటుంది. ఇది చెవి మీదికి వచ్చి వంకర తిరిగింది. క్యారియర్ మూసి మౌసు అందుకుంది.

అతుకును పైకి జరిపి, ఆ ముక్క వరకు సన్నటి పొరలతో మళ్లీ కట్టమంది. కంప్యూటరు నత్తలా నడిచింది. దేవుడా, కదలాలి, ఆ వంకర గీత కూడా అతుకుతోపాటు కదలాలి అనుకుంది. అతుకు కదిలింది. గీత కదల్లేదు.

భీమమ్మ ఫోన్ ఎత్తలేదు. ఎమ్మిగనూరులో వాళ్ల వీధిలోనే ఉన్న తండ్రికి చేసింది. "నాయనా, శేషప్పను నిద్రపోనీయొద్దు. బిన్నా, నిమిషం ఆగకుండా కర్నూలుకు తీసకపో!"

"పోతాండా" అన్నాడు శంకరప్ప.

"సార్, శేషప్ప పుర్రె చిట్లింది. లెక్కలో పడిన సందనుకుని నేనే పూడ్చేసినా" అని డాక్టరుకు చెప్పింది.

చివరి పేషెంటును బల్ల దించుతుండగా తండ్రి ఫోన్ వచ్చింది. "నేను పోయేసరికే పండుకోనుండె. లేపితే లెయ్యల్యా. కర్నూలుకు తీసకపోతాంటే కోడుమూరు కాడ పానం పాయమ్మా."

సునంద ఫోను పక్కన పెట్టింది. కంప్యూటరు ఆపింది, బల్ల తుడిచింది. కిటికీలో స్టీలు గిన్నె అలాగే ఉంది. అందులో శేషప్ప చెవిపోగులు రెండూ, జారిపోకుండా వాటికి చుట్టుకున్న తెల్లటి నూలు.