మూయని ఫైలు

కరెంటు పోయినా చెరగని కొత్త మెమరీని మా ఆఫీసులో పెట్టారు. అందులోని ఫైలును మధ్యలో కాపీ తీయకుండా నేరుగా చదివించవచ్చు. ఏ ఫైలుకు ఆ అనుమతి ఇవ్వాలో నిర్ణయించడం నా పని. ఆర్డర్ల ఫైలుకు ఇచ్చాను. వేగం వీసమెత్తు పెరగలేదు.

కారణం వెతికితే దొరికింది. ఆ ఫైలును తెరిచిన ప్రోగ్రాములన్నీ దాన్ని మూస్తే తప్ప కొత్త అనుమతి అమల్లోకి రాదు. ఆర్డర్ల ప్రోగ్రాం పని కాగానే ఫైలును మూసి, మళ్లీ తెరుస్తోంది. అసలు మూయనిది ఒక్కటే, మేనేజర్ గారి గోడ మీది తెరలో రోజంతా నడిచే గ్రాఫ్. వేగం పెరిగిందో లేదో చూడ్డానికి ఆయనే పెట్టించుకున్నారు.

"సార్, ఆ గ్రాఫ్ ఒక్క నిమిషం మూసేయండి. అది ఫైలును పట్టుకుని కూర్చుంది."

"అది మూసేస్తే నీ పని నాకెలా కనిపిస్తుందమ్మా? చేతకాకపోతే చెప్పు, మా అల్లుణ్ణి పిలిపిస్తా."

పిలిపించారు. అల్లుడుగారు వస్తూనే గ్రాఫ్ మూసేసి, ఆ తెర మీద తన స్లైడ్లు వేసుకున్నాడు. ఫైలు జోలికే పోలేదు. వేగం ఎలా పెంచాలో గంటసేపు ఊదరగొట్టాక మళ్లీ గ్రాఫ్ తెరిస్తే, వేగం నాలుగింతలైంది.

అందరూ చప్పట్లు కొట్టారు.

"చూశావామ్మా? మావాడు చెయ్యి కూడా పెట్టలేదు!" అన్నారు మేనేజర్ గారు.

"అదే సార్, నేను మొన్న చెప్పింది..."

"ఇంకా ఏంటమ్మా?"

ఆ సాయంత్రమే నా అనుమతులన్నీ తీసి అల్లుడికిచ్చారు. అవి మాత్రం ఎవరూ ఏదీ మూయకుండానే, ఆ క్షణంలోనే అమల్లోకి వచ్చాయి.