డిస్కు పెట్టె మీద చెయ్యి

కరెంటు తిరిగి రాగానే రాయమల్లు డిస్కు పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. మొదట గరగర, తర్వాత వణుకు. ఆ వణుకు సన్నని హోరుగా కుదురుకున్నాక "ఇగ కొట్టుండ్రి" అన్నాడు. అప్పుడుగానీ తారాబాయి పత్తి బేళ్ల తూకాలు కంప్యూటర్లోకి ఎక్కించదు. ఆదిలాబాద్‌లోని ఆ జిన్నింగ్ మిల్లులో ఏళ్లుగా అదే పద్ధతి.

కంప్యూటర్‌కు బ్యాటరీ ఉంది, డిస్కుకు లేదు. కరెంటు పోయి డిస్కు ఆగినా, దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం మాత్రం "డిస్కు సిద్ధం" అన్న పాత మాటే పట్టుకుని కూర్చునేది. తిరగని డిస్కుకు పంపిన తూకాలు గాలిలో కలిసిపోయేవి. వాళ్లింట్లో మొదటి డిగ్రీవాడు రాయమల్లు. పుస్తకం ముందేసుకుని తంటాలు పడి, కరెంటు వచ్చాక కాసేపు ఆగి రాసేలా ప్రోగ్రాం మార్చాడు. ఎండాకాలం దాంతో గడిచిపోయింది. చలికి డిస్కు ఆలస్యంగా లేస్తుంటే ఆ కాసేపు చాలక మళ్లీ చెయ్యే దిక్కయింది.

ఆ పొద్దున కరీంనగర్ నుంచి వచ్చిన ఇంజనీరు మనోరమ టీ చల్లారేలోగా తప్పు పట్టేసింది.

"ఊకె ఆగితే సాలదు రాయమల్లు గారూ. డిస్కు ఆగంగనే 'సిద్ధం' అన్న గుర్తు చెరిపెయ్యాలె. మళ్ల దాన్నే అడగాలె. అది అవునన్నదాక తూకాలు పట్టి ఉంచాలె."

గింతేనా! ఆ గింత తనకెందుకు తట్టలేదు అనుకున్నాడు రాయమల్లు. మిల్లు యజమాని సేఠ్ స్వయంగా ఆమెకు కుర్చీ జరిపాడు. తనను ఏనాడూ కూర్చోమన్నది లేదు.

కొత్త ప్రోగ్రాం ఎక్కించి మనోరమ భోజనానికి వెళ్లింది. తారాబాయి తూకాలు కొడుతుండగా రాయమల్లు టేబుల్ కిందికి వంగి డిస్కు స్విచ్ ఆపేశాడు. "పోవాలె, అన్ని పోవాలె" అనుకున్నాడు.

డిస్కు లేదు, ఆగుతున్నానని తెర మీద ఇంగ్లీషులో ఒక వరుస పడింది. స్విచ్ మళ్లీ వేశాడు. పెట్టె మీదికి పోతున్న చేతిని బలవంతంగా వెనక్కి లాక్కున్నాడు. హోరు కుదిరింది. ఆగిన తూకాలు ఒక్కటీ పోకుండా వరుసగా దిగాయి.

"ఏందన్నా, కరెంటు పోలే గదా?" అంది తారాబాయి.

"కాలు తాకింది."

"తాకనియ్యి. ఇగ నీ చెయ్యికి పెన్షనే!" అని పగలబడి నవ్వింది.

సాయంత్రం మనోరమ బస్సెక్కింది. సేఠ్ లోపలికొచ్చి తెర వైపే చూస్తూ, "రాయమల్లూ, రేపటి సంది కాంటా కాడ కూసో. ఈడ తారాబాయి సాలు" అన్నాడు.

"సరే సేఠ్" అని రాయమల్లు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

పత్తి నూగు పేరుకున్న డిస్కు పెట్టె మీద, ఒక అరచెయ్యి మేర మాత్రం నల్లగా, నున్నగా మెరుస్తూ ఉంది.