అయిపోయినట్టే

దర్జీకి అబద్ధమంటే భయం. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే కుట్టుమిషన్ తొక్కడు. కానీ కొట్లో ఎవరొచ్చి అడిగినా, గుడ్డ ఇంకా కత్తెర మొహం చూడకపోయినా, "అయిపోయిందండీ, గుండీలే తరువాయి" అనేస్తాడు. అది అబద్ధం కింద జమవుతుందని ఆయనకు ఏనాడూ తోచలేదు. కుట్టుపనిలో అదొక పలకరింపు అనుకునేవాడు.

ఆ సాయంత్రం హోటల్ మేనేజరు ఫోన్ చేస్తానన్నాడు. ఆయనకు తెలుగు రాదు. సర్వర్ల కోట్లు ఆయనకు నచ్చితే ఇక హోటల్ కుట్టుపనంతా ఈ కొట్టుకే. ఆ కోట్లకేమో ఇంకా చేతులే పడలేదు. కూతురు పక్కన కూర్చుని తండ్రికి ఇంగ్లీషు నూరిపోస్తోంది. పాప గౌను కోసం వచ్చిన ఎదురింటి నర్సమ్మ బల్ల మీద చేరి వింటోంది.

"ఐ హావ్ జస్ట్ ఫినిష్డ్ అంటే ఇప్పుడే ముగించానని. ఆల్రెడీ అంటే ఈపాటికే అయిపోయిందని. అవకపోతే నాట్ పెట్టి, చివర్లో యెట్ అనాలి."

"మరి అయిపోయినట్టే అనడానికి?"

"ఆల్మోస్ట్ ఉంది. చేతుల్లేని కోటుకి అది చెల్లదు నాన్నా."

"ఇదేం భాషే తల్లీ! దర్జీ అన్నవాడు దీంతో బతకగలడా?"

నర్సమ్మ పకపకా నవ్వింది. ఇంతలో ఫోన్ మోగింది.

తెలుగైతే మాట ఎప్పుడో జారిపోయేది. ఇంగ్లీషులో ఒక్కో మాటా సూదిలోకి దారం ఎక్కించినట్టు ఎక్కించాలి. ఆ కాస్త ఆలస్యంలో దర్జీకి దేవుడు గుర్తొచ్చాడు.

"ఐ హావ్... నాట్ ఫినిష్డ్... యెట్ సార్."

కూతురు తల పట్టుకుంది. అవతల నుంచి మేనేజరు ఏదో అడిగాడు. కూతురు ఫోన్ లాక్కుని మాట్లాడి, ఊపిరి పీల్చుకుంది.

"హోటల్లో విందు రేపు రాత్రికేనట. పొద్దున్నే కోట్ల కోసం మనిషిని పంపుతారట. అవి బాగుంటే పనంతా మనదే!"

"దేవుడు చల్లగా చూశాడు" అంటూ దర్జీ చెమట తుడుచుకున్నాడు.

"అన్నయ్యా, మరి మా పాప గౌను?" అంది నర్సమ్మ.

"అయిపోయిందమ్మా, గుండీలే..."

"ఆగాగు. ఇంగ్లీషులో చెప్పు."

దర్జీ కూతురి వైపు చూశాడు. కూతురు మొహం గోడకు తిప్పేసుకుంది.

"ఐ హావ్ నాట్..." అని ఆగి, గొంతు తగ్గించి, "కత్తిరించడాన్ని ఏమంటారే?" అన్నాడు.